రెండొందల కిలోల ఇంజిన్‌ని లారీ పార్సిల్‌లో వేయాలంటే

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దు వాలాక ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు నిలబడ్డా ఈ పని కనిపిస్తుంది. లారీ వెనక డాలా దించుతారు. కింద ఒక అరిగిపోయిన లారీ టైరు పడేస్తారు. పైనున్న ఇద్దరు హమాలీలు గోనెపట్టా చుట్టిన ఇంజిన్‌ని అంచుదాకా దొర్లించుకొచ్చి, కింద ఎవరూ లేరని చూసుకుని, టైరు మీదికి వదిలేస్తారు. అది ధబ్బున పడి, ఒకసారి ఎగిరి, పక్కకి ఒరిగి ఆగుతుంది. కొనుక్కున్నవాడు అక్కడే ఉంటే ప్రాణం జల్లుమంటుంది. హమాలీ మాత్రం అప్పటికే రెండో నగ, అంటే ఇంకో పార్సిల్ కోసం వెనక్కి తిరిగి ఉంటాడు.

చూడ్డానికి మోటుగా ఉన్నా, లెక్క వేస్తే ఆ దారి పొడుగునా ఆ ఇంజిన్‌కి దొరికిన మంచి ప్యాకింగ్ ఆ టైరే. లారీ తొట్టి నేలకి నాలుగడుగుల ఎత్తులో, అంటే సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడిన వస్తువు సిమెంటు గచ్చు మీద అర సెంటీమీటరులో ఆగిపోతే, ఆగేటప్పుడు దాని మీద పడే సగటు బలం దాని బరువుకి 240 రెట్లు. అదే టైరు 15 సెంటీమీటర్లు అణిగి ఆపితే 8 రెట్లే. పడిన ఎత్తుని ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే వచ్చే లెక్క ఇది. 150 కిలోల ఇంజిన్‌కి మొదటిది 36 టన్నుల దెబ్బ, రెండోది టన్నుంబావు కంటే తక్కువ. హమాలీకి ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు. పగిలిన బ్లాకులు చూసీ చూసీ టైరు దగ్గరికి వచ్చాడు.

అసలు చిక్కేమిటంటే, టైరు ఒక్క చోటే ఉంటుంది. ఆటోనగర్‌లో బుక్ చేసిన ఇంజిన్ జగ్‌దల్‌పూర్‌కో రాయచూర్‌కో వెళ్ళాలనుకుందాం. కొట్లోంచి ట్రాలీ ఆటోలోకి, ఆటోలోంచి బుకింగ్ ఆఫీసు గచ్చు మీదికి, అక్కణ్ణుంచి ఊళ్ళ మధ్య తిరిగే లైను లారీలోకి, మధ్యలో ఏదో పెద్ద ఊరి గోడౌన్‌లో దిగి ఇంకో లారీలోకి, చివరి ఊళ్ళో మళ్ళీ గోడౌన్‌లోకి, అక్కణ్ణుంచి చిన్న బండి మీద మెకానిక్ షెడ్డుకి. ఎక్కడం దిగడం కలిపి తక్కువలో తక్కువ ఎనిమిది సార్లు. ఎనిమిదిసార్లూ వేరే మనుషులు. వాళ్ళెవరికీ లోపల ఏముందో, ఏ వైపు సున్నితమో తెలియదు. ఫుల్ లోడ్, అంటే లారీ మొత్తం, మాట్లాడుకుంటే ఒకసారి ఎక్కి ఒకసారి దిగుతుంది, అది వేరే కథ. ఒక్క ఇంజిన్ కోసం ఫుల్ లోడ్ ఎవరూ మాట్లాడరు కాబట్టి బరువైన విడిభాగాల్లో సింహభాగం పార్సిల్ లోడుగానే తిరుగుతుంది. అందువల్ల ప్యాకింగ్ చేసేవాడు గుంతల రోడ్డుని తల్చుకోవడం కంటే, అర్ధరాత్రి రెండింటికి నిద్రకళ్ళతో గోడౌన్‌లో సరుకు దించే మనిషిని తల్చుకుని పెట్టె కట్టాలి. రోడ్డు కుదుపులు ఇంజిన్‌ని వదులు చేస్తాయి. విరగ్గొట్టేవి మాత్రం ఈ దింపుళ్ళే.

బరువు ఎక్కడ నిలబడుతోంది

కార్ల డీజిల్ ఇంజిన్, గేర్‌బాక్సుతో కలిపి, దగ్గర దగ్గర 200 కిలోలు తూగుతుంది. ఈ బరువంతా మోయడానికి కంపెనీవాడు దానికి కొన్ని చోట్లు మాత్రమే ఇచ్చాడు. ఇంజిన్‌ని బండికి పట్టించేందుకు పక్కల ఉండే ఫౌండేషన్ బ్రాకెట్లు, వెనక గేర్‌బాక్సు ఫౌండేషన్, పైనుంచి ఎత్తడానికి రెండు కొక్కేల కళ్ళు. ఈ నాలుగైదు చోట్లు తప్పితే మిగతాదేదీ బరువు మోయడానికి పుట్టలేదు. కిందుండే ఆయిల్ చాంబరు పల్చటి రేకు, లేదా అల్యూమినియం పోత. రేకైతే లోపలికి సొట్టపడి ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తుంది. బయటికి చిన్న నొక్కులా కనిపించే ఆ సొట్ట, ఇంజిన్ బిగించి స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషర్ లేక బేరింగులు పట్టేసినప్పుడు గానీ బయటపడదు. పోత చాంబరైతే నిలువునా పగులుతుంది.

అయినా సగానికి సగం ఇంజిన్లు చాంబరు మీదే కూర్చుని ప్రయాణం చేస్తాయి, కింద రెండు టైర్లో ఒక థర్మోకోల్ పలకో పెట్టుకుని. టైరు అయినా కొంత నయం. థర్మోకోల్ మాత్రం మనసుకి ధైర్యం చెప్పే వస్తువు, అంతకు మించి ఇక్కడ పనికిరాదు. మామూలుగా దొరికే ఘనమీటరుకి 15 కిలోల థర్మోకోల్, చదరపు సెంటీమీటరుకి 0.7 కిలోల బరువు పడేసరికే పది శాతం అణిగిపోతుంది. 150 కిలోల ఇంజిన్ చాంబరు మూల ఐదు సెంటీమీటర్ల చదరం మీద ఆనిందనుకుంటే అక్కడ పడేది చదరపు సెంటీమీటరుకి 6 కిలోలు. బండి కదలక ముందే అది అప్పడం. టీవీ పెట్టెలో థర్మోకోల్ పనిచేస్తుంది కదా అంటే, టీవీ పది కిలోలు, దాన్ని పట్టుకునే థర్మోకోల్ చుట్టూ నాలుగు వైపులా ఉంటుంది. బరువు పెరిగే కొద్దీ మెత్తటి వస్తువుల పని తగ్గి, గట్టి ఆధారాల పని పెరుగుతుంది. బబుల్ షీటుకీ ఇదే మాట. గీతలు పడకుండా చుట్టడానికి వాడుకోవచ్చు గానీ దెబ్బ ఆపుతుందనుకోకూడదు.

మరి ఎలా నిలబెట్టాలి? కార్ల ఫ్యాక్టరీల్లో దీనికి ఎప్పుడో జవాబు దొరికింది. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు లాంటి అసెంబ్లీ ఫ్యాక్టరీలకి ఇంజిన్లలాంటి బరువు సామాను వచ్చే తీరు ప్రపంచమంతా దాదాపు ఒకటే. ఒక్కో భాగానికి దాని కొలతల ప్రకారమే వెల్డింగ్ చేసిన ఇనప స్టాండు ఉంటుంది. ఇంజిన్ దాని ఫౌండేషన్ రంధ్రాల మీదే కూర్చుంటుంది, కింద చాంబరు గాలిలో ఉంటుంది. ఖాళీ స్టాండ్లు మళ్ళీ వెనక్కి వెళ్తాయి. పాత ఇంజిన్ అమ్మేవాడికి స్టాండు తిరిగిరాదు కాబట్టి ఇనుము గిట్టుబాటు కాదు. అదే పని చెక్కతో చేసుకోవాలి.

దానికి కావాల్సినవి కిందికి రెండు నాలుగంగుళాల దుంగలు, వాటి మీద అడ్డంగా మందపాటి చెక్కలు, ఫౌండేషన్ రంధ్రాలకి బోల్టు పడేలా రెండు యాంగిల్ ముక్కలు. వెనక వైపు ఫౌండేషన్ లేకపోతే, అంటే గేర్‌బాక్సు విప్పేసి ఇంజిన్ ఒక్కటే పంపుతుంటే, ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ అతుకు పడే బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలకి ఒక ఇనప పలక బిగించి దాన్నే మూడో కాలు చేసుకోవచ్చు. మూడు చోట్ల ఆనిన వస్తువు నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కదలాడదు. ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి తెలుసు. చాంబరుకీ కింది చెక్కకీ మధ్య రెండంగుళాలైనా సందు ఉండాలి. పైనుంచి బెల్టు బిగించేటప్పుడు ప్లాస్టిక్ ట్యాపెట్ కవరు మీదుగానో ఇన్‌టేక్ మానిఫోల్డు మీదుగానో లాగితే, దారిలో విరగాల్సింది బయల్దేరక ముందే విరుగుతుంది. బోల్టులతో చట్రానికి పట్టించిన ఇంజిన్‌కి బెల్టు ఎటూ రెండో భద్రతే.

ఇక్కడ మేకుల సంగతి కూడా ఒకటి ఉంది. కొట్టడం తేలిక కాబట్టి వడ్రంగి ముందు మేకులే తీస్తాడు. మేకు అడ్డంగా వచ్చే బలానికి బాగా నిలబడుతుంది, పైకి లాగే బలానికి నిలబడదు. అందులోనూ చెక్క కొసలో, నార పొడుగునా దిగిన మేకు కుదుపులకి వదులైన పన్నులా ఊగి ఊగి బయటికొస్తుంది. హమాలీలు చట్రాన్ని ఎత్తేటప్పుడు పడేది ఈ పైకి లాగే బలమే. అందుకని బరువు మోసే ప్రతి కీలుకీ ఆరపార బోల్టు, వెనక పెద్ద వాషరు. చుట్టూ కొట్టే రీపర్లకి, అంటే సన్నటి చెక్క పట్టీలకి, మేకులు చాలు. చెక్క కూడా కొంచెం ఆరినదై ఉండాలి. నిన్న కోసిన పచ్చి జామాయిల్ కర్రతో చట్రం కడితే దారిలో ఎండకి అది చిక్కి, బిగించిన బోల్టులు వదులవుతాయి. దాని చెమ్మంతా ఇంజిన్‌కి పట్టి తుప్పవుతుంది.

చట్రం వెడల్పు ఎంతుండాలనేదానికీ ఒక లెక్క ఉంది. లారీ మలుపు తిరిగినప్పుడు సరుకు మీద పక్కకి పడే బలం దాని బరువులో సగం దాకా ఉండొచ్చని, గట్టిగా బ్రేకు కొడితే ముందుకి పడేది 0.8 వంతు దాకా ఉండొచ్చని యూరప్‌లో లోడు కట్టడానికి వాడే ఈఎన్ 12195-1 ప్రమాణం లెక్కగడుతుంది. దుంగల ఎత్తు కలుపుకుని ఇంజిన్ బరువు కేంద్రం నేలకి 45 సెంటీమీటర్లలో ఉందనుకుంటే, చట్రం వెడల్పు 45 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఘాటు రోడ్డు మలుపులో అది బోర్లా పడుతుంది. రెండున్నర అడుగులు పెడితే 0.8 వంతు బలం పక్కనుంచి వచ్చినా తట్టుకుంటుంది. అంతకన్నా వెడల్పు చేస్తే మేలేగానీ కిరాయి మీద దెబ్బ. కొన్ని పార్సిల్ కంపెనీలు తూకంతో పాటు సైజు కూడా చూస్తాయి. ఘనపుటడుగుకి ఇన్ని కిలోలని, ఆరు నుంచి పది దాకా, ఎవరి లెక్క వాళ్ళది. ఎనిమిది అనుకుంటే, నాలుగడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, మూడున్నర ఎత్తున్న క్రేటు 336 కిలోల కింద బిల్లవుతుంది, లోపలున్నది 200 కిలోలే అయినా.

గేర్‌బాక్సులు, హెడ్లు, క్రాంకులు

ఆటోమేటిక్ గేర్‌బాక్సు పంపేవాళ్ళు పదేపదే చేసే పొరపాటు ఒకటుంది. దాని ముందు భాగంలో టార్క్ కన్వర్టర్ అనే పెద్ద గిన్నెలాంటిది షాఫ్టు మీద ఊరికే జారి కూర్చుని ఉంటుంది, ఏ బోల్టూ దాన్ని పట్టుకోదు. ఇంజిన్‌కి బిగించినప్పుడే అది బిగుసుకుంటుంది. గేర్‌బాక్సుని ముందుకి వంచితే ఆ గిన్నె సగం బయటికి జారుతుంది. కొందరు దాన్ని చేత్తో లోపలికి తోసేస్తారు. పూర్తిగా కూర్చోకుండానే ఇంజిన్‌కి బిగిస్తే లోపలి ఆయిల్ పంపు పగులుతుంది. బెల్ హౌసింగ్ రెండు బోల్టు రంధ్రాల మధ్య అడ్డంగా ఒక ఇనప పట్టీ బిగించి గిన్నెని వెనక్కి ఆనించి ఉంచితే ఈ గొడవే లేదు. ఆ పట్టీ ఖరీదు టీ నీళ్ళ ఖర్చు.

సిలిండర్ హెడ్డు చిన్నదిగా ఉంటుంది కాబట్టి దాన్ని అట్టపెట్టెలో పడేసే వాళ్ళు ఎక్కువ. హెడ్డుకి ప్రాణం దాని కింది ముఖంలో ఉంది. మిల్లింగ్ చేసి అద్దంలా తీర్చిన ఆ ముఖం మీద గోరంత గీత పడినా గ్యాస్కెట్ కాలుతుంది. పైగా కొన్ని వాల్వులు తెరుచుకుని ముఖం దాటి బయటికి పొడుచుకుని ఉంటాయి. హెడ్డుని బోర్లా పెడితే బరువంతా ఆ వాల్వుల మీదే. ముఖానికి ఒక ప్లైవుడ్ ముక్క కోసి, హెడ్డు బోల్టు రంధ్రాల్లోంచే బోల్టులతో బిగించి, వాల్వులున్న చోట రంధ్రాలు వదిలితే ఎటు తిప్పినా భయం ఉండదు. క్రాంక్ షాఫ్టుకైతే చెక్కలో వీ ఆకారంలో గాళ్ళు కోసి మెయిన్ జర్నళ్ళ దగ్గర, అంటే బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాల దగ్గర, ఆనించాలి. జర్నళ్ళకి గ్రీజు రాసి మైనపు కాగితం చుట్టాలి. గోనె నేరుగా చుట్టకూడదు, గోనెకి చెమ్మ పీల్చే గుణం ఉంది.

కమాన్ పట్టీలూ హౌసింగులూ బ్రేకు డ్రమ్ములూ మొండి సామాను, కట్టగట్టి ఇనప తీగె బిగిస్తే చాలు. తీగె కొసలు లోపలికి వంచకపోతే మాత్రం హమాలీ చెయ్యి తెగుతుంది. ముందు అద్దాలని ఎప్పుడూ నిలువుగానే పంపాలి, పడుకోబెడితే వాటి బరువుకి అవే పగులుతాయి. అల్టర్నేటర్లూ సెల్ఫ్ మోటార్లూ లాంటి చిన్న సామానుని ఆర్టీసీ కార్గోలో వేస్తే చేతులు మారేది తక్కువ, చాలామంది ఆ దారే పడుతున్నారు.

పెట్టె మూయాలా, తెరిచి ఉంచాలా

ఖరీదైన సరుకు కదా అని ఇంజిన్‌ని నాలుగు వైపులా పలకలు కొట్టి పెట్టెలో బిగించేస్తే భద్రమనిపిస్తుంది. ఆచరణలో చాలాసార్లు ఇది ఎదురుతిరుగుతుంది. మూసిన పెట్టెకి పైనా కిందా తెలియదు. బాణం గుర్తులు వేసినా, గోడౌన్‌లో వెలుతురు లేని మూల ఎవరు చూస్తారు? దొర్లించడానికి అన్ని ముఖాలూ సమానమే. పైన ఇంకో నగ పెట్టడానికి వాటంగా కూడా ఉంటుంది. అదే చుట్టూ రీపర్లతో తెరిచి ఉన్న చట్రంలో ఇంజిన్ కళ్ళకి కనిపిస్తుంటే, దాన్ని తలకిందులు చేయడానికి హమాలీకే చెయ్యి రాదు. పైభాగం వంకరగా ఉంటుంది కాబట్టి మీద బస్తాలు పేర్చరు. అన్నిటికన్నా ముఖ్యం, పైనున్న కొక్కేల కళ్ళు తెరిచే ఉంటాయి. చైన్ బ్లాకున్న చోట దాంతో ఎత్తుతారు. ఫోర్క్‌లిఫ్టున్న చోట దుంగల మధ్య నాలుగంగుళాల సందులోకి ఫోర్కులు దూరతాయి. ఏదీ లేని చోట నలుగురు మనుషులు దుంగల కొసలు పట్టుకుని ఎత్తుతారు. మంచి చట్రానికి ఈ మూడు దారులూ తెరిచి ఉండాలి. పెద్ద ఊళ్ళ గోడౌన్‌ని తల్చుకుని ఫోర్క్‌లిఫ్టుకి మాత్రమే పనికొచ్చేలా కట్టిన ప్యాలెట్, చివరి చిన్న ఊళ్ళో దించడానికి దారిలేక మళ్ళీ ఆ టైరు మీదే పడుతుంది.

తెరిచి ఉంచితే దొంగతనం భయం ఉంది, కాదనలేం. ఇంజిన్‌తో పాటు వెళ్ళే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె), ఇంజెక్టర్లు, టర్బో లాంటివి చిన్నవి, ఖరీదైనవి, సంచిలో పట్టేవి. వీటిలో విప్పడానికి వీలైనవి విప్పి విడిగా, మూసిన పెట్టెలో పంపడమే మేలు. విప్పిన చోట రంధ్రాలు మూయడంలో మాత్రం ఒక్క జాగ్రత్త. చాలామంది ఇన్‌టేక్ పోర్టులో గుడ్డ కుక్కుతారు. అటువైపు బిగించేవాడికి గుడ్డ సంగతి తెలియదు. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ ఆ గుడ్డని మింగుతుంది. ఎర్రటి ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి. అవి లేకపోతే అట్టముక్క కోసి బయట నుంచి టేపు వేసినా సరే, కంటికి కనిపించాలి.

ఆయిలూ కూలెంటూ పూర్తిగా దించేయాలి. దించామనుకున్న ఇంజిన్‌లో కూడా అరలీటరు మూలల్లో మిగులుతుంది, వంగినప్పుడు కారుతుంది. పక్కన సూరత్ చీరల బేళ్ళు గానీ బియ్యం బస్తాలు గానీ ఉంటే ఆ నష్టం ట్రాన్స్‌పోర్టువాడు తిరిగి ఇంజిన్ పంపినవాడి నెత్తినే వేస్తాడు. అసలు ఆయిల్ చుక్క కనిపిస్తే కొన్ని ఆఫీసుల్లో బుకింగే తీసుకోరు. తొట్టి రేకు మీద ఆయిల్ పడితే చట్రం జారడం కూడా సులువవుతుంది. ఫిల్టరు, డ్రైన్ ప్లగ్గు, డిప్ స్టిక్ గొట్టం, ఈ మూడు చోట్లా చూసుకోవాలి. పెట్రోలు, డీజిల్ మిగిలి ఉంటే అది ప్రమాదకర సరుకు కిందికి వెళ్తుంది. ఎయిర్ బ్యాగులు, సీటు బెల్టు ప్రీటెన్షనర్లు, యాసిడ్ నింపిన బ్యాటరీలు, గ్యాసు నింపిన షాకబ్జర్లకీ ప్రపంచవ్యాప్తంగా ప్రమాదకర సరుకు నంబర్లున్నాయి. ఎయిర్ బ్యాగు యూఎన్ 3268, యాసిడ్ బ్యాటరీ యూఎన్ 2794. వీటిని 'కారు సామాను' అని రాసి ఇంజిన్‌తో కలిపి పంపడం నేరం సంగతి అటుంచి, ముందు ప్రమాదం.

తుప్పు గురించి ఒక మాట. అమ్మేవాడు ఇంజిన్ మెరవాలని పంపే రోజే నీళ్ళతో వాష్ చేయించి, తడారకుండానే స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టేస్తాడు. పగలు ఎండకి లోపల ఆవిరి పడుతుంది, రాత్రి చల్లబడి చుక్కలు కడుతుంది. నాలుగు రోజుల్లో సిలిండర్ గోడల మీద నారింజ రంగు తేలుతుంది. కోస్తాలో వానాకాలం అయితే చెప్పనే అక్కర్లేదు. వాష్ చేస్తే ఒక రోజు ఎండబెట్టి, ప్లగ్గు రంధ్రాల్లో కాస్త ఆయిల్ చల్లి, క్రాంక్ రెండు చుట్లు తిప్పి, వీసీఐ షీటు చుడితే సరి. ఇనుము చుట్టూ తుప్పుని అడ్డుకునే ఆవిరి వదిలే షీటు అది. విదేశాలకి వెళ్ళే చట్రాలకైతే ఇంకో షరతు ఉంది. చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండేలా వేడి చేయించి, చెక్కలో పురుగు లేకుండా చేశారని చెప్పే ఐఎస్‌పీఎం-15 ముద్ర వేయించాలి. ముద్ర లేని చెక్కతో వెళ్తే రేవులోనే సరుకు ఆగిపోతుంది. ప్లైవుడ్‌కి ఈ బాధ లేదు.

రసీదు మీద ఏముంది

చట్రం ఎంత బాగా కట్టినా, రసీదు మీద ఏం రాశారన్నది అంతకన్నా తక్కువ విషయం కాదు. ట్రాన్స్‌పోర్టువాడిచ్చే రసీదు, అంటే ఎల్ఆర్ మీద చాలా ఆఫీసుల్లో ముందే 'ఓనర్స్ రిస్క్' అని ముద్ర కొట్టి ఉంటుంది. సరుకు పోయినా విరిగినా మాకు సంబంధం లేదని దాని అర్థమని అందరూ అనుకుంటారు, ఆఫీసువాళ్ళూ అలాగే చెబుతారు. చట్టం అంత సూటిగా లేదు. నాథ్ బ్రదర్స్ ఎగ్జిమ్ కేసులో 2000లో సుప్రీంకోర్టు, ఓనర్స్ రిస్క్ అని ఉన్నా రవాణాదారు నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి అతనే బాధ్యుడని చెప్పింది. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం 2007 కూడా, ప్రకృతి విపత్తులూ అల్లర్లూ లాంటివి తప్ప, దారిలో జరిగిన నష్టానికి రవాణాదారునే బాధ్యుణ్ణి చేస్తుంది.

అయితే అదే చట్టం ఒక గీత కూడా గీసింది. ఎక్కువ రిస్కు రేటు, అంటే పూర్తి బాధ్యత కోసం అదనపు కిరాయి, కట్టడానికి ఒప్పుకుని బుక్ చేయకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. ఇది 2011 నిబంధనల్లో ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. 70,000 రూపాయల ఇంజిన్, కిరాయి 1,800. అది పూర్తిగా నాశనమైనా చట్ట ప్రకారం వచ్చేది 18,000 దాటదు. కిరాయి బేరమాడి 1,500కి తగ్గించుకున్నవాడు తన నష్టపరిహారాన్ని కూడా 15,000కి తగ్గించుకున్నట్టే. ఈ ఒక్క సంగతి తెలిస్తే బుకింగ్ కౌంటర్ దగ్గర బేరం తీరే మారిపోతుంది. బుకింగ్ అప్పుడు సరుకు వివరాలు రాసిచ్చే గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్‌లో అసలు విలువ రాయించడం, రిస్కు రేటు ఎంతో అడగడం, అది ఎక్కువనిపిస్తే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయించడం అప్పుడే జరగాలి.

ఇన్సూరెన్స్‌లోనూ ఒక మెలిక. దేశంలోపల రోడ్డు, రైలు రవాణాకి ఏ, బీ, సీ అని మూడు రకాల క్లాజులు వాడతారు. సీ అంటే నిప్పు, పిడుగు లాంటివే. బీలో వాహనం గుద్దుకోవడం, బోల్తా పడడం, వంతెన కూలడం లాంటివి చేరతాయి. 'ఏ' రకం అన్నిటికీ. హమాలీ చేతిలోంచి జారిపడడం 'ఏ' కిందే వస్తుంది, బీలో రాదు. పాత యంత్రాలకి 'ఏ' రకం ఇవ్వడానికి కంపెనీలు తటపటాయిస్తాయి కూడా. ఇక 'ఏ' రకం తీసుకున్నా 'ప్యాకింగ్ సరిగా లేకపోతే' క్లెయిము తోసిపుచ్చే మినహాయింపు దానిలోనే ఉంది. అందుకని చట్రం కట్టేటప్పుడు, బోల్టు బిగించేటప్పుడు, ఆయిల్ దించాక తీసిన ఫోటోలే రేపు ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు పనికొచ్చేవి. ఇంజిన్ నంబరు కనిపించేలా ఒక ఫోటో తప్పనిసరి. ఆ నంబరు ఇన్‌వాయిస్ మీదా ఉండాలి. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కే నంబరు కాబట్టి, అది లేని ఇంజిన్ దారిలో పట్టుబడితే దొంగ సొత్తు కాదని నిరూపించుకోవడమే పెద్ద పని. గోడౌన్‌లో ఇంజిన్లు తారుమారైనా తేల్చేది అదే.

జీఎస్టీ వైపు చూస్తే, 50,000 రూపాయలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం, కావాలి. 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున దాని గడువు. పార్సిల్ లోడు మధ్యలో గోడౌన్‌లో రెండు మూడు రోజులు పడి ఉండడం మామూలే కాబట్టి, గడువు దాటకుండా చూసుకునే, లారీ మారినప్పుడు బిల్లులో నంబరు మార్పించే బాధ్యత ఎవరిదో బుకింగ్ రోజే మాట్లాడుకోవాలి. బండి ఆగితే ఫైను ట్రాన్స్‌పోర్టువాడు కట్టినా, ఎల్ఆర్ మీద ఖర్చుల వరసలో అది మళ్ళీ కొన్నవాడి దగ్గరికే చేరుతుంది. కారు విడిభాగాల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నిటికీ 18 శాతమే. అంతకు ముందు చాలావాటికి 28 ఉండేది. పాత రేటుతో వేసిన బిల్లు బుక్కులు ఇంకా కొట్లలో కనిపిస్తున్నాయి, కొనేవాడు చూసుకోవాలి.

చివరి ఊళ్ళో గోడౌన్‌కి వెళ్ళినప్పుడు తొందర ఎక్కువగా ఉంటుంది. బయట ట్రాలీ ఆటో వెయిటింగ్, లోపల గుమస్తా ఎల్ఆర్ డెలివరీ కాపీ ముందుకి తోసి పెన్ను ఇస్తాడు. సంతకం పెడితేనే సరుకు బయటికి తీస్తామంటాడు. ఏమీ రాయకుండా పెట్టిన సంతకం అంటే సరుకు బాగా అందిందని ఒప్పుకున్నట్టే. చట్రం పగిలినా, బోల్టు వదులైనా, దుంగ విరిగినా, నేల మీద ఆయిల్ మరక ఉన్నా, సంతకానికి పైన తెలుగులోనే రాయొచ్చు: 'చట్రం ఎడమ దుంగ విరిగింది, ఆయిల్ చాంబరు సొట్ట, ఇంజిన్ లోపల చూడలేదు.' గుమస్తా వద్దంటే ఆ కాపీని ఫోనులో ఫోటో తీసి అక్కడే వాళ్ళ నంబరుకి పంపాలి. నష్టం గురించి రాతపూర్వక నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లో రవాణాదారుకి అందకపోతే తర్వాత కోర్టుకి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఆ లెక్క మొదలయ్యేది సరుకు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, విజయవాడలో రసీదు కోసిన రోజు నుంచే.